పెంటమ్మకు ముందు ఖాళీ

అయ్యా,
మీ వంశవృక్షం సాఫ్ట్‌వేర్ తీసుకుని ఎనిమిది నెలలైంది.
పొదిలి బస్టాండు ఎదురు జిరాక్సు షాపులో
పెళ్ళికార్డులకీ వారసత్వ సర్టిఫికెట్లకీ మధ్య
దాన్ని నడుపుతున్నాను.
బాగానే ఉంది. ఆకుల రంగు బాగుంది.
కొన్ని మార్పులు కావాలి, రాస్తున్నాను.

మొదట ఆ తేదీ గడి.
నిన్న కొనకనమిట్ల నుంచి వచ్చిన ముసలామెని
ఎప్పుడు పుట్టావమ్మా అంటే
'గుండ్లకమ్మ పొంగిన ఏడు,
సజ్జలు కంకి మీదున్నప్పుడు' అంది.
అదే కొట్టాను. గడి ఎర్రబడింది:
చెల్లని తేదీ.
చెల్లకపోవడమేంది,
మనిషి నా ఎదురుగా కూర్చుని
గోళీసోడా తాగుతుంటే?
అంకెలు కాదు, ఒక మాట పట్టేంత
చోటివ్వండి అక్కడ.

మేనరికం సంగతి ఒకటి.
ఆదెమ్మని మేనమామ కాశయ్యకే ఇచ్చారు.
ఒకే మనిషి రెండుసార్లు వచ్చాడు,
కలపమంటారా అని మీ యంత్రం అడిగింది.
పెద్దలు ఎప్పుడో కలిపిందే గదా అని
అవునని నొక్కాను.
కాశయ్య తనకు తానే మేనమామయ్యాడు.
షాపులో అందరూ నవ్వారు, కాశయ్యతో సహా.
వెనక్కి తీసుకునే మీట కోసం
గంట వెతికాను.
కొమ్మ వంగి మళ్ళీ మొదలుకే అంటుకునే చెట్లు
మా వైపు ఉంటాయని దానికి నేర్పండి.

ఇవన్నీ నాకెందుకంటే,
మా జేజినాయన వెలుగొండయ్య
గుమ్మెట చంకనేసుకుని
కనిగిరి నుంచి దర్శి దాకా
ఆసాముల గడపల్లో వంశాలు చెప్పినవాడు.
ఏడు తరాలు, గుక్క తిప్పకుండా.
కాగితం లేదు, కరెంటు పోవడం లేదు,
పాస్‌వర్డు మరిచిపోయే బాధ లేదు.
ఫీజు కుంచెడు జొన్నలు, ఒక పాత పంచె.
మీ దాంట్లో ఉచితానికి యాభై మందే పడతారు.
యాభై ఒకటోవాడు పుట్టాలంటే
నెలకి మూడొందలు.

ఆయన ఒకచోట మాత్రం ఆగేవాడు.
'ఆమె కడుపున... పెంటమ్మ' అనేముందు
వేళ్ళు గుమ్మెట మీద ఆనించి,
కొట్టకుండా,
మూడు లెక్కపెట్టేంత సేపు.
చిన్నప్పుడు మరిచిపోయాడనుకునేదాన్ని.
కాదంట.
పెంటమ్మంటే
పుట్టగానే దిబ్బ మీద పడుకోబెట్టి
ఎవరి బిడ్డనో తెచ్చుకున్నట్టు తెచ్చుకున్న పిల్ల,
చావు కంట పడకుండా.
అంటే ఆమెకు ముందు పోయినవాళ్ళున్నారు,
పేరు పెట్టే రోజు దాకా కూడా ఆగనివాళ్ళు.
వాళ్ళ పేరు ఆమె పేరులోనే ఉంది.
ఆ ముగ్గురికీ కొట్టని మూడు దెబ్బలు.

మీ గడిలో పేరు తప్పనిసరి.
ముగ్గురికీ 'తెలియదు' అని రాశాను.
'తెలియదు' ఇంకా బతికే ఉన్నారా
అని అడిగింది.
ఆ రోజు తొందరగా షట్టర్ దించేశాను.

పెంటయ్యో కుప్పమ్మో పడగానే
దాని ముందు కాస్త చోటు
దానంతటదే వదిలేటట్టు చేయండి.
గడి వద్దు. ప్రశ్న వద్దు.
ఉత్త చోటు.

ఇంకోటి. ఇది సూచన అవునో కాదో.
మొన్న గిరాకీ లేక మా వంశం మొదలెట్టాను.
మాలకొండమ్మ, నేను. మా నాయన. ఆయన పైన వెలుగొండయ్య.
ఆపైన?
మేనత్తకి ఫోన్ చేశాను.
'ఊరందరిదీ చెప్పేవాడే.
మనది చెప్పమని
ఎవరు జొన్నలు పోశారమ్మా?' అంది.

తెర మీద జేజినాయన నెత్తిన
బాణం గుర్తు మిణుకుతా ఉంది:
తండ్రిని చేర్చండి.
తండ్రిని చేర్చండి.

దాన్ని ఆపే మీట ఏదన్నా ఉంటే చెప్పండి.
వద్దులే, ఉండనీయండి.
ఈ నెల మూడొందలు కట్టాను.
రసీదు ఇంకా రాలేదు.